పొలమారడం - కంప్యూటరు కన్ను



ఈ ఏడు వార్షిక సభలో ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శి గారు కోరినారు. షుగరు, బి.పి. గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఎక్స్-రే విభాగములో చాలా ఏండ్లు పని చేసినవారము గనుక, మేము ఇంకొక సంగతి ఎత్తుకున్నాము. అది మింగుడు. దీనికి ఇంకో కారణము కూడా ఉన్నది. మింగలేని రోగుల బొమ్మలను కంప్యూటరు చూసి జబ్బు చెప్పేస్తుందట, అటువంటిది ఒకటి మన వైద్య సహాయ నిధితో కొంటే ఎట్లుంటుంది అని కమిటీలో మాట వచ్చిందని విన్నాము. ఆ మాటకు జవాబు చెప్పాలంటే మొదట మింగడం అంటే ఏమిటో చూడాలి. కొంచెం ఓపిక పట్టండి.

అన్నం తినేటప్పుడు పొలమారితే 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటాము. మన ఇండ్లలో 'ఠస్కా లగా' అని నెత్తి మీద రెండు తట్టి, నీళ్ళిస్తాము. నిజానికి పొలమారడం మంచిదే. దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోబోయిన మెతుకును శరీరం తానుగా బయటికి తోసివేయడమది. భయపడవలసినది పొలమారని మనిషిని చూసి. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి గొంతులో స్పర్శ తగ్గిపోతుంది. నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల దారి పట్టినా దగ్గు రాదు. పక్కన కూర్చొని చెంచాతో పోస్తున్న కోడలికి గాని, కూతురికి గాని ఏమీ తెలియదు. 'బాగానే తాగుతున్నాడు' అనుకుంటారు. వారం తిరగకముందే జ్వరం, ఆయాసం, న్యుమోనియా. ఎవరి తప్పూ లేదు, ప్రేమతోనే పెట్టినారు. కాని ఆ ఇంట్లో ఆ బాధ ఏండ్ల తరబడి ఉండిపోతుంది. ఇట్లాంటి ఇండ్లు మేము చూసినాము.

మన గొంతు ఒక నాలుగు రోడ్ల కూడలి. గాలి, అన్నం రెండూ అక్కడికి వచ్చి, అక్కడి నుంచి వేరు దారులు పట్టాలి. ముద్ద నాలుక వెనక్కి రాగానే మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారి మూసుకుంటుంది. గడ్డం కింద, నాలుక మొదట్లో హయాయిడ్ అనే చిన్న లాడం ఆకారపు ఎముక ఉన్నది. అది పైకీ ముందుకూ జరిగి, తనతో బాటు స్వరపేటికను ఎత్తుతుంది. స్వరతంత్రులు మూసుకుంటాయి, పైన చిన్న మూత వాలుతుంది, శ్వాస క్షణకాలం ఆగుతుంది, అన్నవాహిక తలుపు తెరుచుకుంటుంది. పాతికకు పైగా జతల కండరాలు వరుస తప్పకుండా చేసే ఈ పని సుమారు ఒక్క సెకనులో అయిపోతుంది. రోజుకు కొన్ని వందలసార్లు చేస్తాము, ఒక్కసారి కూడా లెక్కపెట్టుకోము.

మన సీమలో ఇంకొక విశేషం. రాగి సంగటిని నమలము. ముద్దను పులుసులో తిప్పి గుటుక్కున మింగుతాము. గొంతు గట్టిగా ఉన్నన్నాళ్ళు దానిలో ఏ ఇబ్బందీ లేదు. అరవై దాటి, ఒక పక్క చెయ్యి పడిపోయిన మనిషికి అదే సంగటి, అదే అలవాటున పెడితే ఏమవుతుందో ఊహించండి. ఈ సంగటి మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఒక్క సెకనులో లోపల జరిగిపోయే పనిని బయటినుంచి కనిపెట్టేది ఎట్లా? 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-రే కిరణాలను కనుగొన్నాడు. ఆ మరుసటి ఏడే అమెరికాలో హార్వర్డు వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ జంతువుల చేత బిస్మత్ కలిపిన మేత మింగించి, అది గొంతులో దిగడాన్ని కిరణాలతో చూడడం మొదలుపెట్టినాడు. ఆయన చూసిన వాటిలో ఒక పెద్దబాతు కూడా ఉన్నది, మెడ పొడుగు గనుక బాగా కనపడుతుందని. తర్వాత 1910 ప్రాంతములో బిస్మత్ పోయి బేరియం సల్ఫేట్ వాడుకలోకి వచ్చింది.

ఈ బేరియం మనకు పరాయిది కాదు. మనము ముగ్గురాయి అనేది అదే. కడప వైపు ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న గని ప్రపంచములోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది. ఆసుపత్రిలో తాగించేది బాగా శుద్ధి చేసినది. బేరియం సల్ఫేట్ నీటిలో కరగదు గనుక ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. బేరియం కార్బొనేట్ అయితే విషం, ఎలుకల మందుగా వాడినారు. పేరు ఒకటే గదా అని ఇంట్లో ప్రయోగాలు చేయరాదు, ఈ మాట ఎందుకైనా మంచిదని చెప్తున్నాము.

మామూలు బేరియం పరీక్షలో ఒక గ్లాసెడు తాగించి రెండు మూడు ఫిల్ములు తీస్తారు. అన్నవాహికలో గడ్డ ఉన్నదా, సన్నబడిందా అన్నది దానితో తెలుస్తుంది. కాని గొంతులో ఆ ఒక్క సెకను సంగతి నిలిచిన ఫిల్ముకు చిక్కదు. ఒక పెద్దాయన విషయంలో ఇట్లాగే జరిగింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు మాకెందుకు, మూడు ఫిల్ములు తీసి 'అడ్డు ఏమీ లేదు' అని రాసి పంపినారు. అడ్డు నిజంగానే లేదు. ఇంట్లో మాత్రం నీళ్ళు తాగినప్పుడల్లా గొంతు గరగరమంటూనే ఉండింది. అడగవలసిన ప్రశ్న వేరు, తీసిన బొమ్మ వేరు. ఆ కుటుంబం రెండు నెలలు ఆ కాగితాన్నే నమ్ముకున్నది.

కావలసినది కదిలే బొమ్మ. అమెరికాలో చికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జెరి లోగెమాన్ అనే విదుషి ఈ పరీక్షకు ఒక క్రమం ఏర్పరచింది, 1983లో దాని మీద పుస్తకం రాసింది. గ్లాసెడు తాగించదు. చెంచాడు పలుచని బేరియం, తర్వాత కొంచెం చిక్కనిది, తర్వాత గుజ్జు, చివరకు బేరియం పూసిన బిస్కత్తు ముక్క. రోగిని పక్కనుంచి చూస్తూ వీడియో తీస్తారు. జబ్బు ఉన్నదని చెప్పి ఊరుకోరు. గడ్డం కిందికి వంచి మింగు, ఒక పక్కకు తిరిగి మింగు అని చేయించి, ఎట్లా మింగితే సరైన దారిన పోతుందో అక్కడికక్కడే చూస్తారు. మా దృష్టిలో ఈ పరీక్షకు ప్రాణం అదే. తలుపు మూసుకోలేదని చెప్పడం ఎవరైనా చెప్తారు, ఏ పక్కనుంచి తోస్తే మూసుకుంటుందో చెప్పడం కదా కావలసినది.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికి వద్దాం.

వీడియో అంటే నిలిచిన బొమ్మల దండ. ఈ పరీక్షకు సెకనుకు 30 బొమ్మలు కావాలని నిపుణుల మాట. (మన దేశపు పాత వీడియో పద్ధతిలో సెకనుకు 25 మాత్రమే.) కిరణాలు ఆదా చేద్దామని 15కు తగ్గిస్తే రెప్పపాటులో జరిగే తప్పు రెండు బొమ్మల మధ్య జారిపోతుంది. రెండు నిమిషాల పరీక్ష అంటే 3,600 బొమ్మలు. వీటిని మనిషి ఒక్కొక్కటి ఆపి, ముందుకు జరిపి, వెనక్కు జరిపి చూడాలి. చూసేవారికి కన్ను అలుస్తుంది. ఒకే వీడియోను ఇద్దరు నిపుణులు చూసి రెండు విధాలుగా చెప్పడమూ కద్దు.

అందుకే కొలతలు వచ్చినాయి. 1996లో రోసెన్‌బెక్, ఆయన తోటివారు 1 నుంచి 8 వరకు ఒక మెట్ల పట్టీ చేసినారు. 1 అంటే ఊపిరి దారిలోకి ఏమీ పోలేదు. 8 అంటే స్వరతంత్రులు దాటి కిందికి పోయింది, మనిషి దగ్గనైనా దగ్గలేదు. మేము మొదట చెప్పిన ఆ పొలమారని మనిషి ఎనిమిదో మెట్టు మీద ఉన్నాడన్నమాట.

బొమ్మలను కంప్యూటరులోకి ఎక్కించి కొలవడం 1990ల మొదట్లోనే ఆరంభమయింది. అప్పట్లో మనిషే ఎలుకలాంటి ఆ మౌసు పట్టుకొని చుక్కలు పెట్టాలి. హయాయిడ్ ఎముక మీద ఒక చుక్క, మెడ ఎముకల మీద రెండు చుక్కలు. అది ఎంత దూరం జరిగిందో యంత్రం లెక్క కట్టేది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. తెర మీద సెంటీమీటరు నిజంగా ఎంత? కొందరు రోగి గడ్డం దగ్గర కొలత తెలిసిన నాణెము అంటించి, దానితో పోల్చి లెక్క వేసినారు. మరికొందరు ఆ మనిషి మెడలోని రెండో ఎముక నుంచి నాలుగో ఎముక దాకా ఉన్న పొడుగునే కొలబద్దగా పెట్టుకున్నారు. పొడుగు మనిషికి పొడుగు బద్ద, పొట్టి మనిషికి పొట్టి బద్ద. ఈ రెండోదే న్యాయమని మాకు తోస్తుంది. ఆరడుగుల మనిషికీ, ముసలి దాదీకీ ఎముక ఒకే దూరం జరగాలనడం ఏమి లెక్క?

గొంతు పూర్తిగా ముడుచుకున్నప్పటి వైశాల్యాన్ని, ముద్ద నోట్లో పట్టుకొని ఉన్నప్పటి వైశాల్యంతో భాగించడం ఇంకొక కొలత. ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉంటే గొంతు బాగా పిండుతున్నట్టు, పెరిగేకొద్దీ కండరాలు వదులైనట్టు. మింగిన తర్వాత గొంతు సందుల్లో ఎంత మిగిలిపోయిందో కూడా నల్లని చుక్కలు లెక్కపెట్టి చెప్పవచ్చు. ఫ్లోరోస్కోపీ తెర మీద బేరియం సాధారణంగా నల్లగా ఉంటుంది. దీనికి వాడే ఇమేజ్-జె అనే ప్రోగ్రాము అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో పుట్టింది, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కమిటీ వారు ఈ 'ఉచితం' అన్న మాటను రాసుకోవలెనని మనవి.

ఇటీవలి పదేండ్లలో వచ్చిన మార్పు, చుక్కలు పెట్టే పని కూడా యంత్రమే నేర్చుకోవడం. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గులో యు-నెట్ అనే పద్ధతి తయారయింది. బొమ్మలో ఏ భాగం ఏమిటో హద్దులు గీయడం దాని పని. మనుషులు గీసి పెట్టిన వందల వేల బొమ్మలు చూపిస్తే, కొత్త బొమ్మలో తానే గీస్తుంది. 2018లో అమెరికాలోని పిట్స్‌బర్గు పరిశోధకులు హయాయిడ్ ఎముకను యంత్రం చేతనే వెతికించి ఫలితాలు ప్రకటించినారు. మింగడం ఎక్కడ మొదలయింది, ఎక్కడ ముగిసింది, ముద్ద ఎక్కడ ఉన్నది అని కనిపెట్టే ప్రోగ్రాములు తర్వాత చాలా వచ్చినాయి. గంట పట్టే కొలత పని నిమిషాలకు దిగుతుంది. ఇది చిన్న సంగతి కాదు.

బాగా చూడడం వల్ల ఏమి ఒరుగుతుందో ఒక లెక్క చెప్తాము. పక్షవాతం వచ్చినవారిలో మింగుడు దెబ్బతిన్నవారెందరు అని అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2005లో కెనడా వారు చూసినారు. పైపైన పరీక్షించిన చోట నూటికి 37 నుంచి 45 మంది. మంచం దగ్గర శ్రద్ధగా పరీక్షించిన చోట 51 నుంచి 55. యంత్రాలతో లోపలికి చూసిన చోట 64 నుంచి 78. జబ్బు అదే, మనుషులు అటువంటివారే, చూసే కన్ను మారేకొద్దీ అంకె పెరిగింది. మింగుడు దెబ్బతిన్నవారికి న్యుమోనియా వచ్చే ప్రమాదం మూడింతలు, ఊపిరి దారిలోకి పోతున్నదని తేలినవారికి పదకొండింతలు అని కూడా అందులోనే ఉన్నది.

మరి ఇంత మంచిదయితే కొందామా? మా అభిప్రాయము స్పష్టంగా చెప్తాము: వద్దు.

ఎందుకంటే కంప్యూటరు బొమ్మను చదువుతుంది, బొమ్మను తీయదు. తీయడానికి ఫ్లోరోస్కోపీ యంత్రం కావాలి, కిరణాల నుంచి రక్షణ ఉన్న గది కావాలి, రేడియాలజీ డాక్టరు కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా మింగుడు వైద్యము తెలిసిన స్పీచ్ థెరపిస్టు కావాలి. మన అనంతపురములో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చింది. ఆ ఏడే బత్తలపల్లిలో ఆర్.డి.టి. వారి ఆసుపత్రి మొదలయింది. పుట్టపర్తి పెద్దాసుపత్రి 1991 నాటిది. ఈ రెండు ఊళ్ళూ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి గాని మనకు దూరమేమీ కాలేదు. ఇంకా పైకి పోవాలంటే కర్నూలు 150 కిలోమీటర్లు, బెంగళూరు 200 పైన. యంత్రము ఉండవలసినది అటువంటి ఆసుపత్రులలో. సంఘం ఆఫీసు గదిలో కంప్యూటరు పెట్టుకొని, తీయని బొమ్మను చదివించలేము గదా. బోరు వేయకముందే మోటారు కొన్నట్టవుతుంది. సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన చూసే మనకు ఆ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట. ఈ ప్రోగ్రాములు నేర్చుకున్న బొమ్మలు ఎక్కువగా వాళ్ళ దేశాలవి. వాళ్ళు మింగించినవి వాళ్ళ పలుచని ద్రవం, వాళ్ళ గుజ్జు, వాళ్ళ బిస్కత్తు. ఆ పట్టికలలో సంగటి లేదు. నమలకుండా మింగే ముద్ద గొంతులో ఎట్లా పోతుందో ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. మన రోగుల వీడియోలు, మన తిండితో తీసినవి, పేర్లు తీసివేసి, రోగుల అనుమతితో జమచేసే పని మన విశ్వవిద్యాలయాలు చేయవలెను. ఇంజనీరింగు చదివే మన పిల్లలు ఇక్కడ కూర్చున్నారు, జె.ఎన్.టి.యు. ఊళ్ళోనే ఉన్నది. వాళ్ళకు ఇది మంచి ప్రాజెక్టు. బెంగళూరు పోయి వాళ్ళు చేసే పనుల్లో కొన్ని దీనికన్నా గొప్పవేమీ కావు, తల్లిదండ్రులు ఏమీ అనుకోకపోతే చెప్తున్నాము.

నిధిని దేనికి వాడాలంటే, రోగికీ తోడు మనిషికీ పెద్దాసుపత్రికి పోను రాను ఖర్చు ఇవ్వండి. పోయేటప్పుడు చీటీ మీద 'బేరియం స్వాలో' అని మాత్రమే ఉంటే, 'వీడియో తీస్తారా, గొంతు చూస్తారా' అని డాక్టరుగారిని మర్యాదగా అడగమని చెప్పండి. వీడియో కాపీ సి.డి.లోనో పెన్ డ్రైవులోనో ఇమ్మనండి. కాపీ చేతిలో ఉంటే ఏ ఊరి నిపుణుడికైనా, ఏ కంప్యూటరుకైనా చూపవచ్చు. కిరణాల భయం వద్దు. ఛాతీ ఎక్స్-రే కన్నా ఎక్కువే గాని, కడుపు సి.టి. స్కాను కన్నా చాలా తక్కువ. ఫ్లోరోస్కోపీ దొరకని చోట ముక్కులోనుంచి సన్నని కెమెరా దించి చూసే పరీక్ష ఉన్నది, 1988లో అమెరికాలో సుసాన్ లాంగ్‌మోర్ బృందం వెలువరించినది. దానిని మంచం దగ్గరికే తేవచ్చు. సరిగ్గా మింగే ఆ క్షణంలో తెర తెల్లబారి ఏమీ కనపడదు, అదొక లోపం.

ఇక ఇంట్లో సంగతి. తాగిన వెంటనే గొంతు తడిగా, గరగరగా పలకడం, తిండికి గంట పట్టడం, బుగ్గలో మెతుకులు మిగలడం, ఊరకే బరువు తగ్గడం, మాటిమాటికీ ఛాతీ జ్వరం. ఇవి కనపడితే ఆలస్యం చేయకండి. 90 మిల్లీలీటర్ల నీళ్ళు ఆపకుండా తాగించి చూసే పరీక్ష ఒకటి 1992 నుంచి ఉన్నది. అది ఆసుపత్రిలో తెలిసినవారు చేయవలసినది, ఇంట్లో చేయవద్దు.

అన్నిటిలో ప్రమాదమైనది గట్టి తిండి అనుకుంటాము. కాదు, చాలామందికి నీళ్ళే. పలుచగా ఉండి, తలుపు మూసుకునేలోగా జారిపోతుంది. ఇక్కడే రంజాన్ మాట వస్తుంది. రోగికి రోజా నుంచి మినహాయింపు ఉన్నదని అందరికీ తెలుసు. అయినా మన పెద్దవాళ్ళు వినరు. పగలంతా ఉండి, ఇఫ్తార్ వేళకు ఆత్రంగా గ్లాసెడు షర్బత్ ఎత్తుతారు. మింగుడు దెబ్బతిన్న మనిషికి అంతకన్నా గండం లేదు. ఇంటి వాళ్ళు గట్టిగా చెప్పలేకపోతే, ఇమాం సాహెబు చేత చెప్పించండి.

అట్లని నీళ్ళు మానిపించి, అన్నీ చిక్కగా చేసి పెట్టినా సరిపోదు. మతిమరుపు, పార్కిన్సన్ జబ్బులున్న 515 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2008లో వచ్చినాయి. గడ్డం వంచి పలుచని ద్రవం తాగినవారికీ, చిక్కనిది తాగినవారికీ మూడు నెలల్లో న్యుమోనియాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిక్కనిది తాగినవారిలో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఎక్కువ కనపడింది. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో అది మరీ ప్రమాదం. కాబట్టి ఎవరికి ఏది అన్నది ఆ మనిషి వీడియో చెప్పాలి, పక్కింటి వాళ్ళు కాదు. నోటి శుభ్రం మాత్రం అందరికీ పనికివస్తుంది. జపాను వృద్ధాశ్రమాలలో పండ్లు, నోరు శ్రద్ధగా తోమించిన చోట న్యుమోనియా తగ్గిందని 2002లో రాసినారు. బ్రష్షయినా సరే, మిస్వాక్ అయినా సరే, తానుగా తోముకోలేని మనిషికి ఇంటివారు తోమాలి.

చెప్పడం కష్టమే గాని, చివరి ఘడియల మాట కూడా చెప్పాలి. నోట్లో చెంచాడు నీళ్ళు పోయకపోతే మనసు ఒప్పదు. జమ్‌జమ్ నీళ్ళు దాచుకున్న ఇండ్లున్నాయి. పోయవద్దు, దూదిని తడిపి పెదవులు, నాలుక తడపండి. ఆ మనిషికి హాయి, మీకు తర్వాత బాధ ఉండదు.

చిక్కదనం కొలిచే పద్ధతి ఒకటి చూపించి ముగిస్తాము. అంతర్జాతీయంగా 0 నుంచి 7 వరకు మెట్లు పెట్టినారు. ద్రవాలకు 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. దానిమీది గీతల పొడుగు 61.5 మిల్లీమీటర్లు ఉండేది చూసుకోండి. లోపలి పుల్ల తీసివేసి, మొన వేలితో మూసి, 10 దాకా పోయండి. వేలు తీసి పది సెకన్లు వదిలి, మళ్ళీ మూయండి. ఒకటి కన్నా తక్కువ మిగిలితే నీళ్ళలాంటిది, 0. ఒకటి నుంచి నాలుగు దాకా మిగిలితే 1. నాలుగు నుంచి ఎనిమిది అయితే 2. ఎనిమిది దాటితే 3. అసలే కారకపోతే 4, దానిని చెంచాతో చూడాలి. డాక్టరు '2వ మెట్టు' అని రాస్తే, మీ ఇంటి జావ ఏ మెట్టు మీద ఉన్నదో మీరే చూసుకోవచ్చు.

సిరంజిలు ఇరవై తెచ్చినాము. రాగి జావ, బియ్యపు గంజి, రూహ్ అఫ్జా షర్బత్, హలీమ్ వడగట్టినది వెనక బల్ల మీద ఉన్నాయి. ఇంట్లో పక్షవాతం మనిషి ఉన్నవారు భోజనాలకు ముందే అటు రండి, మిగిలినవారికి తర్వాత చూపిస్తాము. సెలవు.